ఎవరికి చెప్పుకోవాలి?

సైనికురాలి మీద తోటి సైనికుడే అత్యాచారం చేస్తే విచారణ ఎవరి చేతిలో ఉండాలి?

1950 ఆర్మీ చట్టం 70వ సెక్షన్ ప్రకారం, సైనికుడు బయటి స్త్రీ మీద అత్యాచారం చేస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, కోర్ట్ మార్షల్ చెయ్యకూడదు. మామూలు కోర్టుకే పోవాలి. బాధితురాలు కూడా సైన్యంలోనే ఉంటే ఈ అడ్డు లేదు. ఏ దారో ముందు ఎంచుకునేది 125వ సెక్షన్ కింద పై కమాండరు, ఆమె కాదు. యూనిఫాం తొడుక్కున్నందుకు పోగొట్టుకున్న రక్షణ ఇది.

2021 సెప్టెంబరులో కోయంబత్తూరు ఎయిర్‌ఫోర్స్ కాలేజీలో ఒక అధికారిణి తోటి అధికారిపై పోలీసులకు ఫిర్యాదు చేసింది. పోలీసులు అరెస్టు చేశారు. ఎయిర్‌ఫోర్స్ అడిగితే కోర్టు అతన్ని వాళ్లకే అప్పగించింది. తనకు రెండు వేళ్ల పరీక్ష చేశారని ఆమె ఆరోపించింది. వైమానిక దళాధిపతి కాదన్నారు. ఆ పరీక్షను సుప్రీంకోర్టు 2013లోనే తప్పుబట్టింది.

మా ఆమడగూరు వైపు వాన పడితేనే చెనక్కాయ. అందుకే సర్కారు ఉద్యోగమంటే అంత ఆశ. అగ్నివీర్ కింద మిలిటరీ పోలీసులోకి ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు. కూతుర్ని పంపాలా వద్దా అని తేల్చుకోలేని ఒకమ్మ నన్నడిగింది: "ఆడ ఏమన్నా అయితే మేము పోయి అడిగేది ఎవుర్ని?"

సైన్యానికి క్రమశిక్షణ ప్రాణం, కమాండర్ మాట చెల్లాలి అంటారు. నిజమే. యుద్ధంలో ఆ మాట మీదే బతుకులు ఆధారపడతాయి. కానీ ఈ నేరం ఆ విధేయతనే వాడుకుంటుంది. పై అధికారి పిలిస్తే వెళ్లడం ఆమెకు నేర్పిన మొదటి పాఠం. యూనిట్ పరువు కాపాడాల్సిన మనిషే ఆ పరువు తీసే ఫిర్యాదును ఎటు పంపాలో తేలిస్తే, అతనెంత మంచివాడైనా రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే.

మామూలు కోర్టుకు పోతే చాలా? వాకపల్లిలో 2007లో పదకొండుమంది ఆదివాసీ స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసుల మీద ఫిర్యాదు చేశారు. 2023లో నిందితులందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. దర్యాప్తు సరిగా చెయ్యలేదని చెప్పి, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది అదే కోర్టు. యూనిఫాం మీద వచ్చిన ఆరోపణను యూనిఫామే దర్యాప్తు చేస్తే కోర్టుకు మిగిలేది అంతే.

అమెరికాలో 2020లో వనెస్సా గియెన్ అనే సైనికురాలి హత్య తర్వాత గొడవ పెద్దదై, 2021 డిసెంబరులో చట్టం మారింది. ఇలాంటి కేసుల్లో ప్రాసిక్యూట్ చెయ్యాలో లేదో తేల్చే అధికారాన్ని కమాండర్ల నుంచి తీసి, వాళ్ల కింద పనిచెయ్యని సైనిక న్యాయవాదులకు ఇచ్చారు. దాంతో సైన్యమేమీ కూలిపోలేదు.

దేశం కోసం చచ్చిపొమ్మని ఆజ్ఞాపించే హక్కు కమాండర్‌కి ఆమె ఇచ్చింది. అంత పెద్ద హక్కు తీసుకున్న రాజ్యం, అతని కింద లేని ఒక మనిషిని ఆమెకు చూపించలేదా? ఆ తల్లి అడిగింది కూడా ఆ మనిషి గురించే.