తప్పు లేకపోతే సరిపోతుందా?

ఉద్యోగం పోవడానికి తెలుగులో రకరకాల మాటలున్నాయి. "ఊడింది" అంటాం, పన్ను ఊడినట్టు. పీకినవాడెవడో అందులో కనపడడు. "తీసేశారు" అంటే ఎవరో తీశారని తెలుస్తుంది గానీ, వినేవాళ్ళకి వెంటనే "ఏం చేశాడో?" అన్న అనుమానం వస్తుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఈ రెండూ తప్పించుకోడానికి "లేఆఫ్‌లో పోయింది" అంటాం, వరదలో ఇల్లు పోయినట్టు.

ఈ మాటలన్నీ తేల్చాలని చూసేది ఒకటే: తప్పెవరిది? ఇరవయ్యేళ్ళు పనిచేసిన మనిషిని పావుగంట మీటింగ్‌లో పంపించేస్తే మనం ఫోన్ చేసి చెప్పేదీ దాని గురించే. "నీ తప్పేం లేదు, మార్కెట్ అలా ఉంది." చాలాసార్లు అది నిజం కూడా. మరి ఆ నిజం విన్నాక కూడా మనిషి ఎందుకు తేరుకోడు?

వియన్నాకి దగ్గర్లో మారియంతాల్ అని ఓ ఊరుంది. ఊరంతా ఒక బట్టల మిల్లు మీద బతికేది. 1929-30ల్లో అది మూతపడింది. మారీ యహోదా, పాల్ లాజార్స్‌ఫెల్డ్, హన్స్ జైజెల్ అక్కడి జీవితాన్ని దగ్గరగా చూసి 1933లో పుస్తకం వేశారు. మిల్లే మూతపడ్డాక ఎవరినని వేలెత్తి చూపిస్తారు? అయినా మనుషులు కుంగిపోయారు. లైబ్రరీలో చందా ఎత్తేసినా, బోలెడంత ఖాళీ ఉన్నా, జనం తీసుకెళ్ళే పుస్తకాలు రెండేళ్ళలో దాదాపు సగానికి పడిపోయాయి. మగవాళ్ళు వీధిలో నడుస్తూ మాటిమాటికీ ఆగిపోయేవారు. రోజంతా ఏం చేశారో రాయమంటే వాళ్ళకి రాయడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఆడవాళ్ళు అంతగా ఆగేవారు కాదు. మిల్లులో పని పోయినా ఇంట్లో వంట, పిల్లలు, చిరిగిన బట్టలు వాళ్ళకోసం ఎదురుచూస్తూనే ఉండేవి.

ఇంటిచాకిరీ గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఫలానా టైముకి ఫలానా చోట నేను లేకపోతే ఎవరికో ఇబ్బంది అన్న ఎరుక మనిషిని నిలబెడుతుందనిపిస్తుంది. ఉద్యోగం జీతంతో పాటు దాన్ని కూడా ఇస్తూ వచ్చింది. జీతం స్లిప్పులో ఆ లైను ఉండదు కాబట్టి మనం గమనించం.

మరి మనిషి విలువ పనికొచ్చినంత వరకేనా? కంపెనీ లెక్కలో అంతే. దానికి కావలసింది పని. మన బదులు ఇంకొకరు చేసినా దానికి ఒకటే. స్నేహితుడి దగ్గర ఆ లెక్క కుదరదు. ఇంకెవరో వచ్చి కూర్చుంటే మన కుర్చీ నిండదు.

అందుకే "ఏమైనా కావాలంటే చెప్పు" అన్న మాట నాకు నచ్చదు. అడిగే బరువు కూడా ఉద్యోగం పోయినవాళ్ళ మీదే పడేస్తుంది. "గురువారం ఆరింటికి రా, మా వాడికి లెక్కలు చెప్పాలి" అనడం మేలు. దీంతో ఈఎమ్ఐలు తీరవు, నిజమే. వాటికి డబ్బే కావాలి. ఇవ్వగలిగినవాళ్ళు అదీ అడిగించుకోకుండా ఇవ్వొచ్చు. కానీ గురువారం ఆరున్నర దాటినా రాకపోతే మాత్రం ఫోన్ చేసి, ఎందుకు రాలేదని గట్టిగా అడగాలి.