తదీయారాధనము - పండుగ పిండివంటలు

శ్రీమద్భాగవతము దశమ స్కంధమున, ఇరువదినాలుగవ అధ్యాయమునందు గోవర్ధన పూజా ఘట్టము కలదు. నందాదులు ఇంద్రయాగమునకై సంభారములు సమకూర్చుకొనుచుండగా బాలకృష్ణుడు వారిని వారించి, ఆ ద్రవ్యములతోడనే గోవులను, బ్రాహ్మణులను, గిరిని అర్చింపుడని బోధించెను. అచ్చట స్వామి వంటకముల పేర్లను సైతము చెప్పియున్నాడు. పాయసము మొదలుకొని పప్పు వరకు నానావిధ పాకములు సిద్ధము కావలెను. గోధుమపిండితో చేయు తియ్యని సంయావము, అపూపములు, శష్కులులు ఉండవలెను. మందలోని పాలన్నియు తెప్పింపవలెను. అపూపమనగా మన అప్పమే. శష్కులి అనగా వేచిన గుండ్రని పిండివంట.

ఇంతవరకు పౌరాణికులందరును నోరూరునట్లు చెప్పుదురు. దాని వెనుకటి మాటను మాత్రము త్వరగా దాటిపోవుట కలదు. కుక్కల వరకు, ఊరి వెలుపల నుంచబడిన వారి వరకు, పతితుల వరకు ఎవరికి తగినట్లు వారికి అన్నమిడి, గోవులకు పచ్చిక వేసి, ఆ పిమ్మట కొండకు బలి సమర్పింపుడని స్వామి ఆజ్ఞ. తాము భుజించి, అలంకరించుకొని, ప్రదక్షిణము చేయుట ఆ తరువాతి మాట. భగవద్బంధువులు ఈ క్రమమును గమనింపవలెను. వంటకముల పట్టికయు, తినువారి పట్టికయు ఒకే నోట, ఒకే ఉపదేశమున వెలువడినవి. మొదటిదానిని ప్రతి క్షేత్రమును తన తన రుచిని బట్టి మార్చుకొన్నది. రెండవదానిని మార్చుటకు ఎవరికిని అధికారము లేదు.

శ్రీనాథజీ గోవర్ధనము నుండి మేవాడునకు వేంచేసి 1672వ సంవత్సరమున నాథద్వారమునందు ప్రతిష్ఠితుడయ్యెను. దీపావళి వెళ్ళిన పాడ్యమి నాడు అచ్చట అన్నకూటము. స్వామి యెదుట అన్నమును కొండవలె రాశి పోయుదురు. నివేదనమైన పిదప ఆ రాశిని భిల్లులు వచ్చి కొల్లగొట్టుకొని పోవుదురు. చూచువారికి అది తొక్కిసలాటవలె తోచును గాని, అది ఆ అడవిబిడ్డలకు తరతరములుగా వచ్చుచున్న హక్కు. భాగవత వాక్యమునకు ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానము గ్రంథములలో వెదకినను దొరకదు.

పురుషోత్తమ క్షేత్రమున ఛప్పన్న భోగము ప్రసిద్ధము. స్వామి ఏడు దినములు గిరిని ఎత్తి నిలిచి అన్నపానములు మానెననియు, దినమునకు ఎనిమిది మారుల వంతున ఏబదియారు భక్ష్యములను గోపకులు సమర్పించిరనియు ఐతిహ్యము. పూరీ వంటశాలలో నేటికిని కట్టెల మంట, మట్టి కుండలే. కుండపై కుండ పేర్చి వండుదురు. ఉల్లి, వెల్లుల్లి ఎటులును లేవు. విదేశముల నుండి వచ్చినవని బంగాళదుంపను, టమాటాను కూడ దరిజేరనీయరు. అన్నము, కిచిడి, తియ్యని కనికా అన్నము, ఖాజాలు మొదలైనవన్నియు జగన్నాథునకు నివేదితములై, అమ్మవారగు విమలాదేవికి సమర్పితములైన పిదపనే మహాప్రసాదమగును. ఇంత నియమముతో, ఇంత మడితో వండిన అన్నము ఆనంద బజారునకు వచ్చునప్పటికి, ప్రక్కన కూర్చున్నవాడు ఎవడని అడుగు నియమము ఒక్కటియు మిగులదు. ఒకే కుండనుండి పలువురు తీసికొని తిందురు. మడి అంతయు నివేదనము వరకే. ఆవలిది పంచుకొనుటకు ఏర్పడినది.

దక్షిణమున రుచులు వేరు. కంచి వరదరాజస్వామికి మిరియము, జీలకర్ర, శొంఠి కలిపి వెదురుబుట్టలో ఉడికించిన పెద్ద ఇడ్డెన. మేలుకోటలో పులిహోర. అంబలప్పుళ కృష్ణునకు గంటల తరబడి కాచిన పాలపాయసము. మంగళగిరి నృసింహునకు పానకము. శ్రీరంగమున మరియొక విశేషము కలదు. రంగనాథుని వలచి వచ్చిన సుల్తాను కూతురు తులుక్క నాచ్చియారునకు అచ్చట నేటికిని గోధుమరొట్టెయు వెన్నయు నైవేద్యము. ఆమె పుట్టింటి భోజనమును మార్చుకొమ్మని ఆచార్యులు కోరలేదు. స్వామి వంటశాలయే ఆమె అలవాటును నేర్చుకొన్నది.

ధనుర్మాసమున ఇరువదియేడవ నాడు కూడారై ఉత్సవము. పాలు, బెల్లము, బియ్యము, లెక్కకు మిక్కిలి నేయి చేర్చిన అక్కారవడిశల్ ఆనాటి నైవేద్యము. ఆండాళ్ తల్లి తిరుమాలిరుంజోలై స్వామికి నూరు కడవల వెన్న, నూరు కడవల అక్కారవడిశల్ మ్రొక్కుకొన్నది. ఆ మ్రొక్కు భగవద్రామానుజుల చేతిమీదుగా తీరెను. అంతట శ్రీవిల్లిపుత్తూరున గోదాదేవి ఆయనను అన్నా అని పిలిచెనని గురుపరంపర చెప్పుచున్నది. చెల్లెలి మ్రొక్కు తీర్చుట అన్నకు విధి కదా.

తిరుమలలో లడ్డూ ప్రసాదమునకు 2009వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. కొండనుండి దిగినవానిని దర్శనమెట్లయినదని అడుగుటకు మునుపే లడ్డూలెన్ని తెచ్చితివని అడుగుట లోకమున పరిపాటి అయినది. కాని కులశేఖరపడిని దాటి మూలమూర్తి సన్నిధికి వెళ్ళు భాగ్యము పగిలిన మట్టికుండలోని పెరుగన్నమునకే కలదని పెద్దలు చెప్పుదురు.

శ్రీవైష్ణవులు పండుగ భోజనమునకు విందు అని పేరు పెట్టలేదు. తదీయారాధనము అనిరి. భగవంతునికి చెందినవారిని ఆరాధించుట అని దాని అర్థము. నేటి పెండ్లి పందిళ్ళలో ఒక్కొక్క ఆకునందు ఇరువది రకములు వడ్డించుచున్నారు. సగము తినక మడచిన ఆకులు పెరటిలోనికి పోవుచున్నవి. పెరటి గోడకావల గిన్నె పట్టుకొని నిలిచినవాడు తదీయుడా కాడా అను ప్రశ్న వడ్డించువారికి తోచుట లేదు. మొదటి బంతికి పూర్ణము బూరెలలో నేతిగుంటలు, కడపటి బంతికి పలుచనైన చారు. ఇది వంటవాని లోపము కాదు. తమ కొరకే వండుకొనువారు పాపమునే భుజింతురని గీతాచార్యుడు మూడవ అధ్యాయమున కఠినముగనే పలికినాడు. ఆ మాట ఒంటరిగా తిను లోభికే వర్తించునని తలచుట పొరపాటు. వేయిమందిని పిలిచి, గోడకావలి ఒక్కనిని మరచిన గృహస్థునకును అది వర్తించును.

భాగవతముననే నవమ స్కంధమున రంతిదేవుని కథ కలదు. నలువది యెనిమిది దినములు జలము కూడ లేక కుటుంబముతో కృశించియున్న ఆ రాజునకు ఒక ఉదయమున నేయి, పాయసము, సంయావము, నీరు దొరకినవి. ఆ సంయావము నందవ్రజమున వండింపుమన్న సంయావమే, పండుగ వంటకమే. తినబోవు సమయమునకు ఒక విప్రుడు వచ్చెను. పెట్టెను. మిగిలినది పంచుకొనునంతలో ఒక శూద్రుడు వచ్చెను. పెట్టెను. అతడు వెడలినంతనే కుక్కలతో నొకడు వచ్చి, తానును తన కుక్కలును ఆకలిగొన్నామనెను. ఉన్నదంతయు ఇచ్చి, కుక్కలకును వాని యజమానికిని నమస్కరించెను. ఒక్కరికి చాలు నీరు మాత్రము మిగిలినది. దానిని త్రాగబోవగా పుల్కసుడొకడు దప్పియని వేడుకొనెను. అష్టసిద్ధులు వలదు, మోక్షమును వలదు, సర్వప్రాణుల దుఃఖమును తాననుభవింప వారికి దుఃఖము లేకుండుగాక అని పలికి రంతిదేవుడు ఆ నీటిని వానికి పోసెను. అంతట బ్రహ్మాదులు నిజరూపములతో ఎదుట నిలిచిరి. రాజు వారికి మ్రొక్కెను గాని, వరమేదియు కోరలేదు.