నుదుటివ్రాతయు విలువల వరుసయు

జాతికిని జాతికిని గల భేదము ఉడుపులలో గాక, జీవితమున దేనిని ముందుగా, దేనిని వెనుకగా కోరుదురను విషయమున నున్నదని చెప్పు సిద్ధాంతములు గత శతాబ్దమున వెలసినవి. న్యూ మెక్సికోలో ఇరుగుపొరుగున నున్న అయిదు సమాజములను పరిశీలించి, ఫ్లోరెన్స్ క్లక్‌హోన్, ఫ్రెడ్ స్ట్రాట్‌బెక్ 1961లో ఒక గ్రంథము ప్రకటించిరి. మనుష్యుడు ప్రకృతికి లొంగవలెనా, దానితో పొందికగా మెలగవలెనా, దానిని జయింపవలెనా? చూపు గతము మీదనా, వర్తమానము మీదనా, భవిష్యత్తు మీదనా? ఇట్టి ప్రశ్నలు అయిదు. జవాబులన్నియు ప్రతి సమాజమందును ఉండును, వాని వరుస మాత్రమే మాఱునని వారి మతము. ఈ సిద్ధాంతమును ఉదాహరించువారు పెక్కురు ఆ కడపటి మాటను విడిచిపెట్టుదురు.

2021లో గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు విజయవాడ రహదారి మీది బాటసింగారమునకు తరలెను. మామిడికాలమున ధర పడిపోయిన నాడు అచట రైతు "మా రాత ఇంతే" అని నిట్టూర్చినచో, తెలుగువాడు విధికి లొంగు స్వభావము కలవాడని వ్రాసికొనుట ఎంత సులభము! కాని ఆ రైతే చెట్టు కాపునకు వచ్చుదాక ఏండ్లతరబడి నీరు పెట్టి కాచుకొనెను. అది భవిష్యత్తును నమ్ముట గాదా? పూతపై తేనెమంచు పురుగు పడగా మందు కొట్టించెను. అది ప్రకృతితో పోరు గాదా? ఆ ఖర్చునకు కమీషను వ్యాపారి యొద్ద ముందుగా సొమ్ము తెచ్చినచో, సరకు ఆతని యొద్దకే తేవలసివచ్చును. పండిన కాయ నిలువదు. వ్రాత యను మాట వానినోట వెలువడినది ఇన్నిటి తరువాత.

గీర్త్ హాఫ్‌స్టెడ్ అను డచ్చి పండితుడు 1980లో దేశములకు అంకెలే కట్టెను. వ్యక్తి ప్రాధాన్యమున అమెరికాకు 91, భారతదేశమునకు 48. ఈ లెక్కకు ఆధారము ఐ.బి.ఎం. కంపెనీ ఉద్యోగుల జవాబులు. అందఱును ఒకే కంపెనీవారగుటచే దేశభేదము తేటపడునని ఆయన వాదము. అది త్రోసివేయదగినది కాదు. ఐనను ఆ 48లో మామిడితోట రైతు పలుకు లేదు.

మన సంస్కర్తలును ఇందు నిర్దోషులు కారు. పల్లెవాని మూఢవిశ్వాసముపై ఉపన్యసించుట వారికి ప్రియము. వాని అప్పుపత్రము చదువుటకు తీరిక లేదు. దారిలేమికి సంస్కృతి యని పేరిడినచో, ఆ దారి మూసినవానిని అడుగువారుండరు. ప్రశ్నావళి చేతబట్టి బాటసింగారము పోవువారు విధిని నమ్ముదువా యని అడుగుటకు ముందు, ఈ ధర కిట్టనిచో సరకు మఱియొకనికి అమ్ముకొన గలవా యని అడుగవలయును.