జెబెదయి కుమారుల తల్లి మనవి

ధ్యాన భాగము: మత్తయి 20:20-28



ఐదవ తరగతి చదువు బిడ్డలున్న ఇండ్లలో ఏటేట ఒక దరఖాస్తు మాట వినబడుచుండును. అది జవహర్ నవోదయ విద్యాలయములో ఆరవ తరగతి ప్రవేశమునకు పెట్టు దరఖాస్తు. తెలివిగల పల్లెబిడ్డ పేదరికమువలన వెనుకబడి పోకూడదని 1985-86లో ప్రభుత్వము ఈ విద్యాలయములను ఆరంభించెను. అప్పుడు ఆ శాఖను చూచిన మంత్రి మన పి.వి. నరసింహారావుగారు. అంతకు ముందే, 1971లో, సర్వేలు గ్రామములో గురుకుల పాఠశాల వెలయుటకు పూనుకొనినవారును ఆయనయే. నవోదయ విద్యాలయ ప్రవేశములలో కనీసము నూటికి 75 స్థానములు గ్రామీణ బిడ్డలవి. మూడవ వంతు ఆడపిల్లలవి. కనుక ఇది మన వాకిటికి వచ్చిన మేలే. అయితే ఈ మేలును క్రైస్తవ తలిదండ్రులు ఏ విధముగా అడుగవలెను? జెబెదయి కుమారుల తల్లి మనకు కొంత నేర్పును.

మొదటిది, ఆమె అడిగెను. తన ఇద్దరు కుమారులతో వచ్చి, ప్రభువునకు మ్రొక్కి, వారికొరకు మనవి చేసికొనెను. ప్రభువు ఆమెను త్రోసివేయలేదు. నీవేమి కోరుచున్నావని అడిగెను. బిడ్డ బాగు కోరుట పాపము కాదు. కూలి పనిచేయు తల్లి, మా బిడ్డకు అంత చదువేల అని తలంచి వెనుదీయ నక్కరలేదు. దరఖాస్తునకు రుసుము లేదు. పరీక్షను తెలుగులోనే వ్రాయవచ్చును. ఆడపిల్ల ఐనందున మానిపింపవద్దు. ఆమె తలాంతునుకూడ యజమానుడు లెక్క అడుగును. మట్టిలో పాతిపెట్టినవాని గతి మనమెరుగుదుము (మత్తయి 25).

రెండవది, తామడుగునది తామే ఎరుగరని ప్రభువు వారితో చెప్పెను. సోదరులారా, మనమడుగునది మనమెరుగుదుమా? అది ఇల్లు విడిచి వసతిగృహములో ఉండి చదువవలసిన బడి. పదేండ్ల బిడ్డ తల్లి ప్రక్కను విడిచి పోవలెను. తొమ్మిదవ తరగతిలో కొందరిని ఒక సంవత్సరము హిందీ ప్రాంతపు విద్యాలయమునకు పంపు ఏర్పాటుకూడ కలదు. హన్నా సమూయేలును షిలోహులో విడిచివచ్చినది, అయినను మరచిపోలేదు. ఏటేట బిడ్డ ఎదిగిన కొలదికి చిన్న అంగీ కుట్టి తీసికొని పోయెడిది (1 సమూయేలు 2:19). బిడ్డను దూరము పంపువారు ఆ అంగీని మరువరాదు. బిడ్డ చిన్నతనములోనే ప్రార్థనయు వాక్యమును ఇంట నేర్చుకొనినయెడల, దూరదేశములో దానియేలు నిలిచినట్లు నిలుచును. రాజు భోజనపు బల్లయొద్దకు ఎంపికైన ఆ యౌవనుడు చదువును కాదనలేదు, దేవుని విడువనులేదు.

మూడవది, గిన్నెలోనిది త్రాగగలరా అని ప్రభువు అడిగెను. కోరికకు వెల కలదు. ఈ పరీక్షకు రెండు గంటల కాలము, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగము మార్కులు ఆలోచనాశక్తిని పరీక్షించు బొమ్మల ప్రశ్నలకు. తక్కిన సగము లెక్కలకును భాషకును సమానముగా పంచబడును. దీనికి దినదిన సాధన కావలెను. తండ్రికి చదువు రాకపోయినను, సాయంకాలము రేడియోను టీవీని కట్టి, బిడ్డ ప్రక్కన కూర్చుండగలడు. పత్తి తీతకు, మేకల కాపునకు బిడ్డను బడి మానిపింపక యుండగలడు. పత్రిక చదివించుకొని వినగలడు. ఇదియే ఆ గిన్నెలో మన వంతు. అయితే బిడ్డకు నిద్ర లేకుండ చేసి, కొట్టి, తిట్టి చదివించుట తలిదండ్రుల గిన్నెను బిడ్డ నోట పోయుటయే. బిడ్డలకు కోపము పుట్టింపవద్దని అపొస్తలుడు తండ్రులను హెచ్చరించెను (ఎఫెసీ 6:4).

ఇక్కడ ఒక మాట దాచక చెప్పవలెను. ఆ దరఖాస్తుతోకూడ తండ్రి సంతకమును, బిడ్డ సంతకమును పెట్టవలెను. అనేకమంది బిడ్డలు ఈ లోకములో చేయు మొదటి సంతకము అదియే. ఆ మొదటి సంతకము సత్యము క్రిందనా, అబద్ధము క్రిందనా? గ్రామీణ స్థానము కోరు బిడ్డ మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా గ్రామపు బడిలోనే చదివి యుండవలెనని నియమము; ఒక్క దినము పట్టణపు బడిలో చదివినను పట్టణపు బిడ్డగానే ఎంచుదురు. పట్టణములో చదివించి, పల్లె బడి పట్టీలో పేరు వ్రాయించువారు కలరు. పుట్టిన తేదీని మార్చువారు కలరు. అట్లు వచ్చిన స్థానము ఎవరిది? బడి తప్ప వేరు ఆధారములేని ఒక పొరుగు పల్లె బిడ్డది. నాబోతు ద్రాక్షతోటకూడ కాగితముల మీదనే చేతులు మారెను. ఆ తాకీదులమీద రాజముద్ర కూడ ఉండెను (1 రాజులు 21:8).

కులము గడి యొద్ద మనవారికి కలుగు శోధన మరి కఠినమైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారము, హిందూ, సిక్కు, బౌద్ధ మతములవారిని మాత్రమే షెడ్యూల్డు కులములవారిగా ఎంచుదురు. ఆ కులములనుండి క్రైస్తవులైనవారు మన రెండు రాష్ట్రములలోను వెనుకబడిన తరగతులలో 'సి' వర్గమునకు చెందుదురు. మాలపల్లె, మాదిగపల్లె విడిచి పోలేదు, అవమానమును తీరలేదు, సహాయము మాత్రము పోయెను అను మీ బాధ న్యాయమైనది. ఆ బాధను పెద్దలయొద్దను, ప్రభుత్వమునొద్దను, న్యాయస్థానములయందును బహిరంగముగా చెప్పుకొందము. అందుకు సిగ్గుపడ నక్కరలేదు. కాని ఆదివారము బల్లయొద్దకు వచ్చిన చేతితో సోమవారము ప్రభువు నెరుగనని వ్రాయు తండ్రి, ప్రక్కన నిలిచి చూచు బిడ్డకు ఏమి నేర్పుచున్నాడు? మండుచున్న చలిమంటయొద్ద పేతురు పలికిన మాటనే గదా. పేతురు ఏడ్చినప్పుడు ప్రభువు క్షమించెను, మనలనుకూడ క్షమించును. అయినను బిడ్డకు మొదటి పాఠముగా ఆ మాట నేర్పవద్దు.

నాలుగవది, కుడి యెడమల కూర్చుండుట తండ్రి సిద్ధపరచినవారికే దొరకునని ప్రభువు చెప్పెను. ఒక్క విద్యాలయములో ఆరవ తరగతికి చేర్చుకొనువారు హెచ్చుగా 80 మంది. పరీక్ష వ్రాయువారు వేలు. ఈ పరీక్షను ఒక్క పర్యాయమే వ్రాయనిత్తురు. కనుక ఎక్కువ ఇండ్లకు రాబోవునది, పేరు లేని జాబితాయే. ఆ దినమున మీ ముఖమును మీ బిడ్డ చూచును. యెష్షయి ఏడుగురు కుమారులను వరుసగా నిలిపి, ఎనిమిదవవానిని గొఱ్ఱెలయొద్ద విడిచెను. మనుష్యుల జాబితాలో లేనివాడు దేవుని జాబితాలో ఉండెను (1 సమూయేలు 16). పేరు రాని బిడ్డను ఆ రాత్రి ప్రక్కన కూర్చుండబెట్టుకొని అన్నము పెట్టుడి. పొరుగు బిడ్డతో పోల్చకుడి. పేరు వచ్చిన ఇంటిమీద తక్కిన పదిమంది శిష్యులవలె సంఘము కోపపడకూడదు. ఆ బిడ్డ పెట్టెకు తాళము కొనియిచ్చి సాగనంపవలెను.

కడపటిది, గొప్పవాడు కాగోరువాడు పరిచారకుడై యుండవలెను. దేవుడు బిడ్డకు బుద్ధి నిచ్చినది మన ఇంటి గొప్పకు కాదు. తిరిగివచ్చి పల్లెలో మందు ఇచ్చుటకును, పాఠము చెప్పుటకును, అన్యాయముగా పోయినదానిని న్యాయముగా అడుగుటకును ఇచ్చెను.

ఆ తల్లి కథ ఆ దినముతో ముగియలేదు. సిలువయొద్ద దూరమునుండి చూచిన స్త్రీలలో జెబెదయి కుమారుల తల్లియు ఉండెనని మత్తయి వ్రాసెను (27:56). ప్రభువు కుడి ప్రక్కను ఒకడు, ఎడమ ప్రక్కను ఒకడు వ్రేలాడుట ఆమె చూచెను. తాను కోరిన స్థానములేవో అప్పుడు ఆమెకు తెలిసి యుండును. అయినను ఆమె అక్కడనుండి పారిపోలేదు. ఆమె కుమారుడు యాకోబు తరువాత ఖడ్గముచేత చంపబడి ఆ గిన్నెలోనిది త్రాగెను (అపొ. 12:2). ప్రభువు ఆమె మనవిని త్రోసివేయలేదు, దానిని శుద్ధిచేసెను.

తలిదండ్రులారా, దరఖాస్తు నింపుటకు నెట్ సెంటరునకు పోకముందు, బిడ్డతోకూడ మోకాళ్లూని ప్రార్థించుడి. సత్యమును వ్రాయుడి. శ్రమపడి చదివించుడి. ఫలితమును తండ్రి చేతికి అప్పగించుడి. మన బిడ్డలందరిని, ఎంపికైనవారిని కానివారిని, ఆయన తన సేవకు సిద్ధపరచును గాక. ఆమేన్.