వేరు రసంలో దొరికే శాంతి

పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటు, ఫిజీ, టోంగా, సమోవా దీవుల్లో పొద్దు వాలాక జనం ఒకచోట చేరి తాగే పానీయం కావా. మన తమలపాకు, మిరియాలు, పిప్పళ్లు ఏ జాతి మొక్కలో ఇదీ ఆ జాతి మొక్కే. దాని వేళ్లను దంచి, చన్నీళ్లలో పిసికి, వడగట్టి, కొబ్బరిచిప్పలో పోసి ఇస్తారు. చూడటానికి బురదనీళ్లలా ఉంటుంది, మట్టివాసన వేస్తుంది, చేదుగా ఉంటుంది. రుచి కోసం దాన్ని తాగేవాళ్లు అరుదు. ఒళ్లు తేలికపడి మనసు కుదుటపడుతుందని తాగుతారు. పెద్దరికం కట్టబెట్టేటప్పుడు, అతిథి గడపలోకి వచ్చేటప్పుడు, తగవు తీర్చుకునేటప్పుడు, పితృదేవతలకు మొర పెట్టుకునేటప్పుడు అక్కడ కావా ఉండి తీరాలి. మతం గురించి ఆలోచించేవాళ్లు ఇక్కడ ఒక ప్రశ్న తప్పించుకోలేరు. జపంతో, ధ్యానంతో, ఏళ్ల సాధనతో రావలసిన శాంతి ఒక చిప్పెడు వేరునీళ్లతో వస్తే దాన్ని శాంతి అనవచ్చా? అది ఉత్త మందు ప్రభావమని, దానికి ఆధ్యాత్మిక విలువ అంటగట్టకూడదని చాలామంది ఠక్కున చెబుతారు. ఆ జవాబు తొందరపాటుది. అనవచ్చుననే నా నమ్మకం, అయితే ఒక షరతు మీద.

ముందు ఆ అనుభవం ఎలాంటిదో దగ్గరగా చూడాలి. గుటక దిగుతుండగానే నాలుక, పెదవులు మొద్దుబారతాయి. కాసేపటికి దవడ బిగువు సడలుతుంది, తర్వాత మెడ, భుజాలు, కాళ్లు. మితంగా తాగితే మద్యం తాగినప్పటిలా మాట తడబడదు, ఆలోచన చెదరదు, కోపం రేగదు. వెలుతురు మాత్రం కళ్లకు ఎక్కువగా తగులుతుంది, చిన్న చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుంది. అందుకే వనువాటులో కావా తాగే చోటు, అంటే నకమాల్‌లో, దీపాలు మసకగా ఉంచుతారు, గొంతు తగ్గించి మాట్లాడతారు. ఇదంతా వేళ్లలో ఉండే కావాలాక్టోన్‌లు అనే పదార్థాల పని. నరాల ఉద్రేకాన్ని అదుపులో ఉంచే ఏర్పాటు మన మెదడులోనే ఉంది, దానికి అవి ఊతమిస్తాయి. అంతే తప్ప సాధారణంగా కావా దర్శనాలు చూపించదు, దేవుడు మాట్లాడాడనిపించదు, లేనిది ఉన్నట్టు భ్రమపెట్టదు. నా వాదనకు ఇది ఆయువుపట్టు. బురదనీళ్ల కుండలో చిల్లగింజ అరగదీసి కలిపితే మట్టి అడుక్కి దిగి నీరు తేటపడుతుంది. తేటదనం నీటిదే, గింజ తెచ్చిపెట్టింది కాదు. కావా చేసేది కూడా ఇంతే. ఒంటిలోని బిగువునూ మనసులోని రొదనూ కాసేపు అడుక్కి దించుతుంది. ఆ పైన మిగిలే నెమ్మది తాగినవాడి సొంతమే.

అయినా శ్రమ పడకుండా దక్కిన శాంతి దొంగసొత్తు లాంటిదని కొందరు ఆక్షేపిస్తారు. మనసు దేహానికి ఏమాత్రం లొంగనిదైతేనే ఈ ఆక్షేపణ నిలుస్తుంది. మన శాస్త్రాలు అలా చెప్పలేదు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువును పదిహేను రోజులు అన్నం మాన్పించి, నీళ్లు మాత్రం తాగమంటాడు. పన్నెండేళ్లు గురుకులంలో వేదాలన్నీ నేర్చి వచ్చిన ఆ కుర్రవాడికి అప్పుడు ఒక్క మంత్రం గుర్తుకు రాదు. అన్నం తిన్నాక అన్నీ గుర్తుకొస్తాయి. మనం తినే అన్నంలోని సూక్ష్మాంశమే మనసవుతుందని తండ్రి దీనితో నిరూపిస్తాడు. ఉపవాసం దేహాన్ని మారుస్తుంది, ప్రాణాయామం నెత్తుటిలో గాలుల పాళ్లను మారుస్తుంది, జాగరణ మెదడును మారుస్తుంది. వీటిలో దేన్నీ మనం కృత్రిమమని తోసెయ్యలేదు. పతంజలి అయితే ఇంకా తేటగా, సిద్ధులు పుట్టుక వల్ల, ఓషధుల వల్ల, మంత్రం వల్ల, తపస్సు వల్ల, సమాధి వల్ల కలుగుతాయని యోగసూత్రాల కైవల్యపాదం మొదటి సూత్రంలోనే చెప్పాడు. ఓషధిని ఆయన వెలివేయలేదు. కానీ ఆ పాదంలోనే ఆరో సూత్రంలో, ధ్యానం వల్ల పుట్టిన చిత్తానికి మాత్రమే వాసనలు, అంటే గత కర్మల సంస్కారాలు, అంటవని గీత గీశాడు. నేను షరతన్నది ఈ గీతనే. ఓషధి మనసును తేటపరచగలదు, వాసనలను కడిగెయ్యలేదు. కుండను కదిపితే అడుగు మట్టి మళ్లీ పైకి లేస్తుంది. మరి తేటపడిన ఆ కొద్దిసేపు మనిషి ఏం చేస్తాడన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది.

వనువాటులోని తన్నా దీవిలో ఆ కొద్దిసేపును ఎలా వాడుకుంటారో చూస్తే ఇది బోధపడుతుంది. సాయంత్రం ఊరి మర్రిచెట్టు కింది ఖాళీ జాగాలో మగవాళ్లు చేరతారు. ఒక్కొక్కరు చిప్పెత్తి తాగి, చివరి పుక్కిలిని తుంపరగా ఉమ్మి, పూర్వీకులను ఉద్దేశించి ఒక మాట పలుకుతారు. పంట పండాలనో, జబ్బు నయం కావాలనో, కోరిక ఏదైనా కావచ్చు. దాన్ని తమాఫా అంటారు. తర్వాత మాట్లాడకుండా ఒక పక్కన కూర్చుంటారు. మొర పెట్టుకున్నాక జవాబు కోసం చెవి ఒగ్గడమన్నమాట. కావా పదును పెట్టిన వినికిడిని, అది ఇచ్చిన నిశ్చలతను వాళ్లు సొంత సుఖానికి ఖర్చుపెట్టరు, పోయినవాళ్ల వైపు తిప్పుతారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ప్రెస్బిటేరియన్ మిషనరీలు తన్నాలో కావాను నిషేధించారు. అది ఒట్టి మత్తుపదార్థమే అయితే నిషేధించే శ్రమ పడి ఉండేవాళ్లు కాదేమో. ఆ చేదు నీళ్లతో పాటు పితరులతో సంభాషణ నడుస్తోందని వాళ్లు సరిగానే గ్రహించారు. 1941లో పాత ఆచారాలకు తిరిగి రమ్మన్న జాన్ ఫ్రమ్ ఉద్యమం పుంజుకుని జనం చర్చీలు విడిచిపెట్టి వెళ్లినప్పుడు, వాళ్లు ముందు తిరిగి పట్టుకున్న వాటిలో కావా ఒకటి. ఉత్త వ్యసనమే అయితే అది చాటుమాటుగా ఎలాగూ సాగుతుంది. నలుగురిలో తాగే హక్కు కోసం అంత పట్టుబట్టారంటే అది వాళ్లకు వ్యసనం కంటే పెద్దదై ఉండాలి.

శ్రమ గురించి ఇంకో మాట. కావా మొక్కకు మొలకెత్తే విత్తనాలు రావు. ఒక మనిషి కొమ్మ నరికి నాటితేనే ఇంకో మొక్క. అంటే నేడు పసిఫిక్‌లో ఉన్న ప్రతి కావా మొక్క వెనుకా ఎవరో ఒక పూర్వీకుడి చెయ్యి ఉంది. పడవల్లో దీవి నుంచి దీవికి పిలకలు మోసుకెళ్లినవాళ్లు ఉన్నారు. నాటాక వేరు ఊరడానికి మూడు నాలుగేళ్లు ఆగాలి. తాగినవాడు కష్టపడలేదంటే నిజమే కావచ్చు, ఆ శాంతి వెనుక ఎవరి కష్టమూ లేదంటే మాత్రం తప్పు. టోంగా వాళ్ల పురాణగాథ ఈ మాటనే ఎంతో తీవ్రంగా చెబుతుంది. కరవు కాలంలో ఎయువీకి దీవికి రాజు వచ్చాడు. పెట్టడానికేమీ లేని పేద దంపతులు కుష్ఠు సోకిన తమ ఒక్కగానొక్క కూతురు కావావోనౌను చంపి వంట చెయ్యబోయారు. రాజుకు విషయం తెలిసి, ఆ పిల్లను గౌరవంగా పాతిపెట్టమన్నాడు. సమాధి మీద తల వైపు కావా, కాళ్ల వైపు చెరకు మొలిచాయి. ఒక ఎలుక ఆ కావా కొరికి తూలిపోయి, చెరకు కొరికి తేరుకుందట. టోంగాలో కావా వేడుకకు కూర్చున్నవాళ్లకు ఈ కథ తెలుసు. తాము తాగే నెమ్మదికి ఒక బిడ్డ ప్రాణం మూల్యమైందన్న స్పృహతో తాగడం, తలనొప్పికి మాత్ర వేసుకోవడం ఒకటి కావు.

మత్తు ఏదైనా మత్తే కదా అని బౌద్ధుల పంచశీలను చూపించేవాళ్లు ఉంటారు. ఐదో శీలం మద్యాన్ని వద్దనడానికి కారణం కూడా అందులోనే ఉంది, అది మనిషిని ఏమరుపాటులో పడేస్తుందని. ఆ కొలతతోనే కావాను కొలవాలి. మితంగా తాగినవాడు ఏమరడు, పైపెచ్చు మామూలుగా పట్టించుకోని చప్పుళ్లు కూడా వింటాడు. కాబట్టి శీలం వెనుకనున్న కారణం ఈ మేరకు కావాకు వర్తించదు. మితం దాటితే తప్పక వర్తిస్తుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. రోజూ అతిగా తాగేవాళ్ల చర్మం పొలుసులు కడుతుంది, తెల్లారి పనికి లేవలేరు. ఆస్ట్రేలియాలోని ఆర్నెమ్ లాండ్ ఆదివాసులకు 1980లలో మద్యానికి బదులుగా కావా అలవాటు చేశారు. దాని వెంట ఉండవలసిన వేడుక, వరస, మితం ఏవీ వెంటరాలేదు. కొన్ని ఊళ్లలో విపరీతంగా తాగి ఆరోగ్యాలు చెడిపోయాయి. నా వాదనకు ఇది అడ్డువస్తుందని అనుకోను. పద్ధతి విడిపోతే వేరు ఏమవుతుందో ఇది చూపిస్తుంది.

ఇంతకంటే నన్ను ఇబ్బంది పెట్టే ఆక్షేపణ ఒకటుంది. తన్నాలో ఆడవాళ్లు కావా తాగడం అటుంచి, మగవాళ్లు తాగుతుంటే చూడకూడదు. ఫిజీలోనూ మగవాళ్లు అర్ధరాత్రి దాకా గిన్నె చుట్టూ కూర్చుంటే ఇంటి పని, పిల్లల పని ఆడవాళ్ల మీద పడుతుందన్న ఫిర్యాదు ఎప్పటినుంచో ఉంది. ఒకరి నిశ్శబ్దం ఇంకొకరి అలసట మీద నిలబడితే దాన్ని శాంతి అనడానికి నాకు నోరు రాదు. ఇది వేరు చేసిన తప్పు కాదని, మనుషుల తప్పని చెప్పి తప్పుకోవచ్చు. కానీ శాంతికి విలువ ఇచ్చేది చుట్టూ ఉన్న పద్ధతేనని వాదించినవాడు ఆ పద్ధతిలోని అన్యాయాన్ని కూడా తన లెక్కలోనే వేసుకోవాలి. పట్నాల నకమాల్‌లలో ఇప్పుడు ఆడవాళ్లూ కూర్చుని తాగుతున్నారు. ఆచారం చెడిపోతోందని బాధపడే పెద్దలున్నారు. నాకు మాత్రం అక్కడే ఆచారం తన మాటకు తాను కట్టుబడుతున్నట్టు అనిపిస్తుంది.

ఇక చివరి ఆక్షేపణ. ఆ పద్ధతంతా ఆ దీవులవాళ్లది, పితరులూ వాళ్లవాళ్లే, బయటివాళ్లకు మిగిలేది ఉత్త రసాయనమే కదా అని. మాత్రల విషయంలో ఇది నిజమే. యూరప్‌లో కావా సారాన్ని ఆందోళన తగ్గించే మాత్రలుగా అమ్మారు. కాలేయం దెబ్బతింటోందన్న అనుమానంతో 2002లో జర్మనీ వాటిని నిషేధించింది, 2014లో అక్కడి న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది, వివాదం ఆ తర్వాతా సాగింది. ఆ మాత్ర పనిచేసినా అది వైద్యమే, వైద్యం మంచిదే, నేను మాట్లాడుతున్నది దాని గురించి కాదు. కానీ బయటివాళ్లు ఎవరైనా సరే రసాయనం దగ్గరే ఆగిపోతారనడం పొరపాటు. 1879 నుంచి 1916 దాకా గిర్మిట్ అనే కూలి ఒప్పందాల మీద భారతీయ కూలీలను ఫిజీ చెరకు తోటలకు ఓడల్లో తరలించారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లకు అక్కడ పితృభూమి లేదు, ఆ వేరుతో చుట్టరికమూ లేదు. అయినా వాళ్ల సంతతి దాన్ని ఫిజీ వాళ్ల దగ్గర నేర్చుకుని, గ్రాగ్ అని పిలుచుకుని, రామాయణ మండలుల్లోకి, భజనల్లోకి తెచ్చుకుంది. మద్యం ముట్టని కూటమిలో కూడా గ్రాగ్ గిన్నె నడుమ ఉంటుంది, చిప్ప అందుకునే ముందు చప్పట్లు కొడతారు, పాటకూ పాటకూ నడుమ చిప్ప వరసగా చేతులు మారుతుంది. తన్నాలో పితరుల వైపు తిరిగిన చెవి ఇక్కడ రాముడి కథ వైపు తిరిగింది. దీన్ని ఎవరూ వాళ్లకు శాసించలేదు. తోటల్లో నడుములు విరిగిన మనుషులు మూడు నాలుగు తరాల్లో తామే కట్టుకున్నారు.