జగ్గన్నతోటకి రుద్రులు ఎందుకొస్తారు?

 

కిందటి కార్తీకమాసంలో కోనసీమ నుంచి ఒక మామ్మగారు ఫోన్ చేశారు. ఎనభై దాటిన మనిషి. పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు. "బాబూ, పొద్దున్నే మీ వీడియో పెట్టేసుకుంటానండి. రోజంతా ఆపను. మీ గొంతు వినబడుతుంటే ఇంట్లో మనిషున్నట్టుంటుందండి" అన్నారు.

ముందు సంతోషమే వేసింది, అబద్ధమెందుకు. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. ఆవిడ కాలు జారి పడిపోతే నా గొంతు ఏం చేస్తుంది? శివపురాణం చెప్పుకుంటూ పోతుంది, అంతే.

అందుకని ఈ వారం జగ్గన్నతోట సంగతి చెప్పుకుందాం. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర ఉందా కొబ్బరితోట. కనుమనాడు 11 ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద అక్కడికి వస్తారు. 2023 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే కౌశిక దాటి రావాలి. నీళ్ళలో దిగిన కుర్రాళ్ళు "అశ్శరభ శరభ" అంటుంటే ఒడ్డున నిలబడ్డ మనకి ఒళ్ళు జలదరిస్తుంది. పచ్చటి చేను తొక్కుకుంటూ ప్రభ వెళ్తే రైతు ఏడవడు, నా పొలంలో శివుడు నడిచాడంటాడు. వ్యాఘ్రేశ్వరస్వామి ప్రభ రాగానే మిగతా ప్రభలన్నీ ఒక్కసారి పైకి లేపుతారు. పెద్దాయన వస్తే మనం లేచి నిలబడమూ, అలాగన్నమాట.

లోకక్షేమం గురించి మాట్లాడుకోడానికి వాళ్ళలా కలుస్తారని పెద్దలు చెబుతారు. బానే ఉంది. కానీ పదకొండు రూపాల్లోనూ ఉన్నది ఒక్కడే కదా! తనతో తాను మాట్లాడుకోడానికి తోట దాకా రావాలా? నాకు తోచింది చెప్తాను, ఇది శాస్త్రం అనను. ఆయన కదిలితే గానీ మనం గడప దాటమని ఆయనకి తెలుసు. ప్రభని ఒక్కడు ఎత్తలేడు. పదిమంది భుజాలూ కావాలి, ఎవరి భుజం ఎంత ఎత్తో పక్కవాడికి తెలిసుండాలి.

డాక్టర్లూ ఇదే దారికొచ్చారు. 2010లో అమెరికాలో 148 పరిశోధనల్ని, అంటే 3 లక్షలమందికి పైగా మనుషుల వివరాల్ని కలిపి చూశారు. నలుగురితో గట్టి సంబంధాలున్నవాళ్ళు బతికుండే అవకాశం మిగతావాళ్ళకంటే 50 శాతం ఎక్కువని తేలింది. లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోందని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మనకి లెక్కలు అక్కర్లేదు, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళ వంటగది చూస్తే చాలు. పొద్దున్న వండిన అన్నమే రాత్రికీ. బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగే నోరుండదు. కాళ్ళు వాచాయని చూసే కళ్ళుండవు.

మరి హిమాలయాల్లో యోగులో, అంటారు. ఏకాంతం ఆయన కోరుకుని వెళ్ళినది. మామ్మగారు కోరుకోలేదు.

సత్సంగం అంటే నా వీడియో కాదండీ. ఇన్నాళ్ళూ ఆ మాట గట్టిగా చెప్పకపోవడం నా తప్పే. ఆవిడకి మళ్ళీ ఫోన్ చేసి గుడికి వెళ్ళమంటే, "మోకాళ్ళు రానివ్వవు బాబూ" అన్నారు. నిజమే, కదల్లేని మనిషిని కదలమంటే ఎలా? ఆ ఊళ్ళో మన ఛానెల్ చూసే ఒకమ్మాయిని అడిగాను. ఇప్పుడు శుక్రవారం శుక్రవారం నలుగురు ఆడవాళ్ళు మామ్మగారి అరుగు మీదే లలితా సహస్రనామం చదువుతున్నారు. పులిహోరలో పులుపు చాల్లేదని ఒకసారి పెద్ద తగువే అయిందట. ఆ తగువు సంగతి చెప్తున్నప్పుడు ఆవిడ గొంతులో ఎంత ఓపికో!

మొన్న శుక్రవారం నేనే చేస్తే, "తర్వాత చేస్తారా బాబూ, ఇంట్లో మనుషులున్నారు" అని పెట్టేశారు.

ఈ కనుమకి ఆవిడని ఆటోలో తోటకి తీసుకెళ్తారట. ఆ రోజు మన ఛానెల్లో లైవ్ ఉంటుంది. నడవగలిగినవాళ్ళు మాత్రం దయచేసి అది చూడకండి. వెళ్ళే ముందు పక్కింటి పెద్దవాళ్ళని వస్తారేమో అడగండి.