నాలుగు తాళపుచెవులు

నకరికల్లు నుండి

క్రీస్తునందు ప్రియమైన చిరంజీవి మనుమనికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరము చేరినది. పారిష్ తరఫున సినడు సభకు ప్రతినిధిగా నిలబడుమని కొందఱు నిన్ను కోరుచున్నారనియు, ఆ స్థానమునకు మఱియొకరు కూడ పోటీ చేయుచున్నారనియు, నీకు మద్దతు పలుక వచ్చినవారు నిన్ను పొగడుటకు వెచ్చించిన కాలముకంటె అవతలివానిని తెగడుటకు వెచ్చించిన కాలమే హెచ్చనియు వ్రాసి, నిలబడుదునా మానుదునా యని నన్నడిగితివి. నిలబడుమని చెప్పుటకు ఒక్క వాక్యము చాలును. ఎట్లు నిలబడవలెనో, గెలిచినచో ఏమి చేయవలెనో, ఓడినచో ఎట్లుండవలెనో చెప్పుటకు మాత్రము ఈ ముసలిచేతికి కొన్ని కాగితములు పట్టును. కల్లములలో మిరపకాయలు ఎండుచున్న ఈ దినములలో ఊరిలో ఎవరికిని తీరిక లేదు, నాకు తప్ప. కావున నేను తొందరపడను, నీవును తొందరపడక చదువుము.

మీ నాయన నీతో ఏమని యుండునో నే నూహింపగలను. చర్చి రాజకీయములు మనకు వలదు, ఆదివారము ఆరాధనకు వెళ్లితిమా, కానుక వేసితిమా, ఇంటికి వచ్చితిమా, అంతియే చాలు ననును. అది మంచివాని మాటయే గాని లూథరను మాట కాదు. మన సంఘములన్నిటికిని ఆధారమైన ఆగ్స్‌బర్గు విశ్వాస ప్రమాణమును 1530వ సంవత్సరము జూన్ 25వ తేదీన ఐదవ చార్లెస్ చక్రవర్తి సముఖమున చదివి వినిపించినవాడు సాక్సనీ ప్రభువు కొలువులో మంత్రియైన క్రిస్టియన్ బెయర్ అను గృహస్థుడు. దానిని కూర్చిన మెలంక్తన్ పండితుడు విశ్వవిద్యాలయమున అధ్యాపకుడే గాని గురుపట్టము పొందినవాడు కాడు. దానిక్రింద చేవ్రాలు చేసినవారు కొందఱు రాజన్యులును, న్యూరెంబర్గు, రాయిట్లింగెన్ అను రెండు నగరముల పాలకులును. చక్రవర్తి బహిష్కారమునకు గురియైన లూథరు ఆ సభకు పోజాలక కోబర్గు కోటలో కూర్చుండి వార్తలకై ఎదురుచూచుచుండెను. అనగా, గురువు నోరు విప్పరాని చోట గృహస్థులు తమ ఆస్తులను, పదవులను, ప్రాణములను ఒడ్డి సంఘము పక్షమున నిలిచినారు. అట్టి వంశములో పుట్టినవాడు కానుక వేసి ఇంటికి వచ్చితినని తృప్తిపడరాదు.

అయితే ఆ పత్రముననే పదునాలుగవ ప్రకరణము కలదు. క్రమముగా పిలువబడిన వాడు తప్ప మఱియెవడును బహిరంగముగా బోధింపరాదనియు, సంస్కారములు జరుపరాదనియు అందలి నిర్ణయము. ఇరువది యెనిమిదవ ప్రకరణమున బిషప్పుల అధికారము వాక్యమునకును సంస్కారములకును సంబంధించినదే గాని రాజదండమునకు సంబంధించినది కాదని వివరించినారు. ఈ రెంటిని కలిపి చదివినప్పుడే నీవు పోబోవు సభయొక్క స్వరూపము నీకు బోధపడును. అయ్యగారు చేయవలసిన పనిని లే డెలిగేటు, అనగా గురుపట్టము లేని ప్రతినిధి, చేయరాదు. లే డెలిగేటు చేయవలసిన పనిని అయ్యగారు లాగుకొనరాదు. అయినను ఇద్దఱును ఒకే సభలో కూర్చుండి ఒకే నిర్ణయమునకు లోబడవలెను. ఒకరు పాలకపక్షము, ఒకరు ప్రతిపక్షము అను భావము మనకు శాసనసభనుండి పట్టుకొన్న అంటువ్యాధి.

ఇక నా మనస్సునకు మిక్కిలి నచ్చిన సంగతి యొకటి చెప్పెదను. సాక్సనీలో లైస్నిగ్ అను చిన్న పట్టణము గలదు. 1523లో అచ్చటి సంఘమువారు తమ పారిష్ ఆస్తులన్నియు ఒక ఉమ్మడి పెట్టెలో చేర్చి, దానినుండి గురువునకును, బడికిని, పేదలకును, అనాథలకును ఖర్చు పెట్టుటకు ఒక నిబంధనావళిని వ్రాసికొనిరి. లూథరు దానికి పీఠిక వ్రాసి అచ్చువేయించెను. ఏటేట పదిమంది నిర్వాహకులను ఎన్నుకొనవలెను: కులీనులలో ఇద్దఱు, నగరసభ్యులలో ఇద్దఱు, పట్టణపు సామాన్య పౌరులలో ముగ్గురు, చుట్టుపట్ల పల్లెల రైతులలో ముగ్గురు. సంఖ్య చూడుము, నాయనా. పెద్దలకంటె సామాన్యులు హెచ్చు. అంతకంటె ముఖ్యమైనది ఆ పెట్టె. దానికి నాలుగు వేర్వేరు తాళములు. ఒక తాళపుచెవి కులీనుల యొద్ద, ఒకటి నగరసభ యొద్ద, ఒకటి పౌరుల యొద్ద, ఒకటి రైతుల యొద్ద. నలుగురును రానిదే పెట్టె తెఱచుకొనదు. ప్రతి ఆదివారము నిర్వాహకులు సమావేశమై లెక్కలు చూడవలెనని కూడ నియమము. అదే సంవత్సరము అదే ఊరివారికొఱకు లూథరు మఱియొక చిన్న పుస్తకము వ్రాసి, బోధకుని పిలుచుకొనుటకును, బోధను పరిశీలించుటకును, అవసరమైనచో బోధకుని తొలగించుటకును సంఘమునకు హక్కు కలదని స్థాపించెను.

ఈ కథ ఇంతటితో సుఖాంతమైనదని చెప్పిన నీకు అబద్ధము చెప్పినవాడ నగుదును. నగరసభవారు తమ చేత నున్న నిధులను వదలుటకు అంగీకరింపలేదు. లూథరు ప్రభువునకు మొరపెట్టుకొనవలసి వచ్చెను. కాగితముపై నాలుగు తాళములు వేయుట సులభము, తన చేతిలోని తాళపుచెవి ఒక్కటే యని ఒప్పుకొనుట కష్టము. ఎన్నికైన ప్రతివానికిని కలుగు మొదటి శోధన ఇదే: సంఘము తనకు నాలుగింటిలో ఒకటి ఇచ్చినదని మఱచి, నాలుగును తనవే యనుకొనుట.

మన సొంత చరిత్రలోనికి వత్తము. ఫాదర్ హయ్యరు అను మిషనెరీ గుంటూరు చేరినది 1842 జులై 31వ తేదీన. ఆయన ఇక్కడికి వచ్చుటలోనే పరిపాలనా వివాద మొకటి కలదని మన పిల్లలకు ఎవరును చెప్పరు. మొదట ఆయనను పంపదలచిన లూథరను మిషనెరీ సొసైటీ వేరొక మతశాఖవారి అమెరికన్ బోర్డు ఛత్రముక్రింద పంపనెంచగా, ఆయన అట్టి ఏర్పాటుకు సమ్మతింపక, పెన్సిల్వేనియా మినిస్టీరియము అను లూథరను సినడు పంపగా వచ్చినాడు. తాను ఎవరికి జవాబుదారి యగునో తేల్చుకొనిన పిమ్మటనే ఓడ యెక్కినాడన్నమాట. 1849లో ఆయన గురజాలకు వచ్చి నివసించుటతో మన పల్నాటిలో పని స్థిరపడినది. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘము తన సొంత నియమావళితో ఏర్పడినది 1927లో. ఆ సంఘమునకు మొట్టమొదటి భారతీయ అధ్యక్షుడుగా ఇ. ప్రకాశం గారు వచ్చినది 1944లో. హయ్యరు గుంటూరులో అడుగుపెట్టిన నాటినుండి లెక్కించిన నూటరెండేండ్లు. ఒక తెలుగువాడు ఆ కుర్చీలో కూర్చుండుటకు నాలుగు తరములు పట్టినది.

ఆ నాలుగు తరములవారు ఎవరు? మన పెద్దలలో హెచ్చుమంది ఊరి వెలుపలి పేటలలో పుట్టి, ఇతరుల పొలములలో కూలి చేసి, రచ్చబండ దగ్గఱకు పిలుపు వచ్చినను దూరముగా నిలబడి తీర్పు వినుటయే గాని అభిప్రాయము చెప్పుట యెఱుగనివారు. పల్నాటిలో బ్రహ్మనాయుని చాపకూడు కథ వినని పసివాడు లేడు. అన్ని కులములవారిని ఒకే చాపమీద కూర్చుండబెట్టి అన్నము పెట్టినాడని వీరగాథలు పాడువారు ఇప్పటికిని పాడుదురు. కాని కూటికి చాప దొరకుట వేఱు, సభకు చాప దొరకుట వేఱు. మన ముత్తాతలలో ఎందఱికో ‘నీవేమందువు’ అని అడిగి చేయి యెత్తించిన మొదటి సభ సంఘ సభయే. భారత రాజ్యాంగము వారికి ఓటు ఇచ్చుటకు ముందే సంఘము ఇచ్చినది. అట్టి ఓటును ఈనాడు మనము ఎట్లు వాడుచున్నామో తలచుకొనిన నాకు నిద్ర పట్టదు.

నిష్ఠురమైనను చెప్పక తప్పదు. మన సంఘ వివాదములు న్యాయస్థానముల గడప త్రొక్కినవి. విశ్వాసులు ప్రార్థించి జరుపుకొనవలసిన ఎన్నికలకు న్యాయస్థానముల పర్యవేక్షణ అవసరమైన రోజులు వచ్చినవి. కారణ మేమని అడిగితివా, వేదాంత భేదములు కావు. మిషనెరీలు విడిచిపోయిన బడులు, కళాశాలలు, ఆసుపత్రులు, పట్టణముల నడిబొడ్డున స్థలములు, వాటిలో ఉద్యోగములు, అయ్యగార్ల బదిలీలు. పదవి చేతికి వచ్చినచో ఇవి యన్నియు చేతికి వచ్చునను ఆశ. దానికి తోడు కులము. బాప్తిస్మపు నీటిలో ముంచివేసితిమి గదా యనుకొన్న కులమును ఎన్నికల ముందు వారము పైకి తీసి, పిండి, అందఱికిని కనబడునట్లు ఆరవేయుచున్నాము. నీ దగ్గఱకు వచ్చినవారు ‘మనవాడు’ అను మాట వాడియే యుందురు. ఆ మాటలో ‘మన’ అనగా ఎవరో అచ్చటనే, వారి ముఖము మీదనే, మర్యాదగా అడుగుము.

అమెరికాలోని ఇవాంజెలికల్ లూథరన్ సంఘమువారి పద్ధతి యొకటి విన్నాను. వారి సభలలో నూటికి అఱువదిమందికి తక్కువ కాకుండ గురుపట్టము లేనివారే యుండవలెనట. అధ్యక్ష బిషప్పును ఎన్నుకొనునప్పుడు అభ్యర్థులుగా ఎవరును ముందుగా నిలబడరు. ప్రతి సభ్యుడును తన మనస్సునకు తోచిన పేరు చీటీపై వ్రాయును, ఆ తొలి ఓటింగే నామినేషను. పిదప విడతవిడతకు పేర్లు తగ్గుచు పోవును. 2013 ఆగస్టులో పిట్స్‌బర్గున అట్లే జరిగిన ఎన్నికలో పన్నెండేండ్లుగా పదవిలో నున్న మార్క్ హాన్సన్ గారికి బదులు ఎలిజబెత్ ఈటన్ అను స్త్రీ ఎన్నికయినారు. ఆ సంఘమున అధ్యక్ష బిషప్పయిన మొదటి స్త్రీ ఆమెయే. పద్ధతి ముచ్చటయైనది. దానిని మనము తెచ్చుకొన్నచో బాగుండునని మన యువకులు అనగా వినుచుందును. నాకు నమ్మకము లేదు. మనవారు ఆ చీటీలను ముందురాత్రియే వ్రాయించి జేబులలో పెట్టి పంపుదురు. నియమావళి మార్చుటకు ముందు ముందురాత్రి విందులు మానవలెను.

కావున ఇవి నా కోరికలు. ఓటు అడుగుటకు ఇంటింటికి పొమ్ము, అది తప్పు కాదు. మాట్లాడకుండ ఓటు అడుగుట అహంకారము. కాని ఏ యింటనైనను బదిలీ గుఱించి గాని, బడిలో ఉద్యోగము గుఱించి గాని వాగ్దానము చేయకుము. నీ పక్షమున ప్రచారము చేయుటకు అయ్యగారిని తెచ్చుకొనకుము. నీకు ఓటు వేయని యింటిలో మరణము సంభవించినప్పుడు సమాధి ఆరాధన జరుపవలసినవాడు ఆయనయే. అవతలివాని ఇంటి రహస్యము నీ చెవిన బడినచో అది నీ యొద్దనే చచ్చిపోవలెను. ఏ పని చేయబోయినను, వచ్చు ప్రభురాత్రి భోజన సంస్కారమునాడు అతని ప్రక్కనే మోకరించి ఒకే పాత్రనుండి పుచ్చుకొనగలనా యని ప్రశ్నించుకొనుము. పుచ్చుకొనలేని పని యేదో నీకే తెలియును.

గెలిచినచో, సభకు పోవుటకు ముందు గడచిన సంవత్సరముల ఆడిటు నివేదికలు తెప్పించుకొని చదువుము. మనవారిలో ఉపన్యాసములు ఇచ్చువారికి కొదువ లేదు, లెక్కలు చదువువారికి ఉన్నది. సభలో అడగవలసిన ప్రశ్న చిన్నదిగా అడుగుము. ఎవరి పేరును ఎత్తక, ఏ పద్దు క్రింద ఎంత వచ్చినది, ఎక్కడికి పోయినది అని అడుగుము. అధ్యక్షుని కేకలకు బెదరకుము, ఆయనను అవమానింపకుము. ఓడినచో, మరుసటి ఆదివారము ఎప్పుడు కూర్చుండు వరుసలోనే కూర్చుండుము.

అపొస్తలుల కార్యముల ఆరవ అధ్యాయము మఱల తెఱచి చూడుము. దినదినపు పంపకములో తమ విధవరాండ్రను చిన్నచూపు చూచుచున్నారని గ్రీకు భాష మాటలాడువారు సణిగినప్పుడు, సంఘము ఏడుగురిని ఏర్పఱచుకొనెను. ఆ ఏడు పేర్లును గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయము జరిగినదో వారి చేతికే పంపకము నప్పగించినారు! అపొస్తలులు ఎన్నుకొనక, సమూహమును ఎన్నుకొనుమని కోరిరి. సమూహము ఎన్నుకొన్నవారి తలపై చేతులుంచి ప్రార్థించిరి. గురువులు, గృహస్థులు ఎవరి పని ఎంతవఱకో చెప్పుటకు ఇంతకంటె నాకు వేఱొక పాఠము దొరకలేదు. లూథరన్ వరల్డ్ ఫెడరేషను 1984లో బుడాపెస్టున తన సభలలో నూటికి నలుబది స్థానములు స్త్రీలకు, ఇరువది స్థానములు యువజనులకు నుండవలెనని తీర్మానించుటలో ఆ ఏడుగురి కథయే కలదని నా తలంపు. మన పారిష్ పట్టికలో ఎందఱు స్త్రీల పేర్లు కలవో నీవు ఎన్నడైనను లెక్కించితివా?

అదియే నీకు నేను అప్పగించు మొదటి పని. చందా బాకీ యను కారణముచేత ఓటర్ల పట్టికనుండి కొందఱి పేర్లు జారిపోయినట్లు విన్నాను. వారిలో హెచ్చుమంది కూలికి పోవు విధవరాండ్రు. పట్టిక ఖాయమగుటకు ఇంకను గడువున్నది. పారిష్‌లోని పల్లెలకు పోయి, బాకీ యెంతో, నిజముగా బాకీయో, రసీదు వ్రాయుట మఱచినదో విచారింపుము. ఒంటరిగా పోకుము, నీతో పోటీకి నిలుచుచున్న అబ్బాయిని వెంటబెట్టుకొని పొమ్ము. అతడు రానన్నచో రెండవసారి అడుగుము. ఇద్దఱును చేవ్రాలు చేసిన జాబితాను అయ్యగారి చేతికిచ్చి, నకలొకటి నాకు పంపుము.

ఆశీస్సులతో,
మీ తాత